ముక్కుదొరకు విందు

నిప్పులక్క చేతిలో చేప మాడిన రోజు ఇంతవరకు లేదు. ఇకముందు ఉండబోదు. కావాలంటే నా మీసం తాకట్టు. వలలో పడ్డ చేపలు "ఎలాగూ పోతాం, ఆవిడ పొయ్యి మీదైతే పరువుగా పోతాం" అని జాలరులను బతిమాలుకుంటాయని రేవులో చెప్పుకుంటారు. ఒకటి రెండుసార్లు నేను కూడా విన్నాను.

అటువంటి మనిషి ఆ సాయంత్రం పెరట్లో విసనకర్రతో బొగ్గులు విసురుతూ చెల్లెలితో తగువు పడుతోంది.

"ఆయన పక్కన నేను కూర్చోవాలక్కా."

"పెళ్లై ఇన్నేళ్లైనా ఇంకా పక్కపక్కనేనా? కొత్త దంపతులు కూడా ఈపాటికి విసుక్కుంటారు. కూర్చుని రొయ్యలు ఒలువు."

"ఒలిచాక వెళ్తాను."

"ఒలిచాక వెల్లుల్లి ఉంది. వెల్లుల్లి అయ్యాక నిమ్మకాయలున్నాయి. అవి అయ్యేలోగా ఇంకేం పని చెప్పాలో నేను ఆలోచిస్తాను."

చెల్లెలు కత్తి మొనతో రొయ్య వీపు మీద గీత గీసింది. నల్లటి నరం లాగి పారేసింది. మళ్లీ ఇంకోటి తీసుకుంది.

"అసలు ఈ విందు దేనికి? నిజం చెప్పు."

"మరిదిగారికి మర్యాద చేద్దామని."

"కొట్టు తెరిచిన రోజు జరిగింది మర్చిపోయావా?"

"మర్చిపోయాను కాబట్టేగా పిలిచాను."

ఇంత చక్కటి అబద్ధం మొహం చూస్తూ చెప్పడం అందరి వల్లా కాదు. అందుకే విసనకర్ర వైపు చూస్తూ చెప్పింది.

మర్చిపోవడమా? కళ్లు మూస్తే చాలు, ఆ గచ్చే కనిపిస్తోంది. రేవు సందులో తన చేపల కొట్టు. ఉదయం తన చేత్తో రుద్ది రుద్ది కడిగిన గచ్చు. వచ్చినవాళ్లందరికీ కాల్చిన రొయ్యలూ, తను ఏరికోరి తెచ్చిన తెల్ల వైనూ. చవకదే, కానీ చక్కనిది. మొదటి గ్లాసు మరిదికే ఇచ్చింది. పెద్ద హోటల్లో వైన్లు రుచి చూసి ఎంపిక చేసేవాడాయె. ఆయన ఏది బాగుందంటే ఊరు అదే తాగుతుంది. ఆ పెద్దమనిషి గుక్కెడు నోట్లో పోసుకుని, బుగ్గలు ఉబ్బించి, అందరూ చూస్తుండగా గచ్చు మీద ఉమ్మేశాడు.

"ఇది కడుక్కోవడానికి పనికొస్తుంది వదినా, తాగడానికి కాదు" అన్నాడు.

కొట్టంతా నవ్వింది. మర్నాటి నుంచి ఈగలు తప్ప ఎవరూ రాలేదు. కొట్టు అద్దెకిచ్చినాయన తాళాలు తిరిగిచ్చెయ్యమంటున్నాడు. "మా హోటల్ తోటలో సాయంత్రాలు నువ్వే కాల్చు" అని నోరారా అడిగిన ఆ పెద్ద హోటల్ మేనేజరమ్మ, ఆ తర్వాత ఎదురుపడితే చెప్పుల వైపు చూసుకుంటూ పోయింది.

ఈ సాయంత్రం ఆ మేనేజరమ్మే వస్తోంది. ముక్కుదొర అని ఊరు పిలుచుకునే ఆ మరిదితో కలిసి. నిప్పులక్క ఇంటికి.

*

నిప్పులక్క మొగుడు ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు. మరదలికి బావ కాబట్టి, ఆ అమ్మాయి పిలుపే ఊరికీ అంటుకుని, అందరికీ ఐసుబావ అయిపోయాడు. ఈయన నిప్పును కట్టుకున్నాడు, ఆవిడ ఐసును కట్టుకుంది, ఆ ఇంట్లో నీళ్లకు కొరత ఉండదని ఇరుగుపొరుగు పరాచికాలు.

గోనెసంచిలో ఐసుదిమ్మ మోసుకొచ్చి స్నానాల గదిలో దించేసరికి భార్య తలుపు గడియ పెట్టింది. చేతిలో ఒక ఖాళీ సీసా, ఒక నిండు సీసా.

ఖాళీ సీసా మీది చీటీ చూసి ఐసుబావ చేతులు తుడుచుకున్నాడు. బంగారు అక్షరాలు. గొప్పవాళ్ల పెళ్లిళ్లలో కూడా పెద్ద బల్ల దగ్గర మాత్రమే తెరిచే రకం.

"ఎక్కడిదిది?"

"హోటల్ వెనక పారేసే గంపలోంచి. గరాటు పట్టుకో."

"మన ఇంట్లో ఇలాంటి పని..."

"ఏమంటావు, చెప్పు."

"ఏమీ అనను. నిటారుగా పట్టుకో, ఒలుకుతోంది."

చవక వైన్ గలగలమంటూ గొప్పింటి సీసాలో కాపురానికి వెళ్లింది, అడుగున కాస్త మాత్రం పుట్టింట్లోనే ఉండిపోయింది.

"ఇదే వైన్. ఆ రోజు ఉమ్మింది ఇదే" అంది నిప్పులక్క, గొంతు తగ్గించి. "చీటీ చూసి ఆహా ఓహో అంటాడు. అనాలి. మేనేజరమ్మ ముందు నోరు నిండా పొగిడాక, తడి తువాలు కింద దాచిన అసలు సీసా తీసి బల్ల మీద పెడతాను. అప్పుడు ఆ మొహం చూడాలి. నాకు ఇంకేమీ వద్దు."

"నిజంగా తేడా కనిపెడితే?"

"కనిపెడితే మరీ మంచిది. పీపాలో నానిన వైన్‌కూ దీనికీ తేడా తెలిసినవాడు, ఇది కాల్చిన రొయ్యకు ఎంత మంచి జోడీనో కూడా ఒప్పుకుని తీరాలి. పుల్లగా, పలచగా, పీపా మొహం చూడని కుర్ర వైన్. ఉప్పూ నిమ్మరసం పట్టిన రొయ్య తిని దీన్ని తాగితే నోరు కడిగినట్టు అవుతుంది, మళ్లీ రొయ్య కావాలంటుంది. ఆ ఖరీదైనది పోస్తే పొయ్యి పొగ మీద పీపా పొగ. నాలుక చేదెక్కుతుంది. నాన్న వైన్ కొట్టులో ఇది నాకూ చెల్లికీ పాలు మానకముందే చెప్పాడు."

"మరి రేపు మీ చెల్లి సంగతి?"

నిప్పులక్క బిరడా నొక్కింది. అరచేత్తో ఇంకోసారి గట్టిగా కొట్టింది.

"ఐసులో కాస్త ఉప్పు వెయ్యి. ఇంకా చల్లబడుతుంది" అంది.

*

ముక్కుదొర ముక్కు సంగతి చెప్పకపోతే కథకు అన్యాయం. వీధి ఆ చివర సీసా మూత తీస్తే, ఈ చివర మంచం మీద పడుకుని "ఉత్తరపు వాలు, రాతినేల, ఆ ఏడు వానలు ఆలస్యం" అనేవాడు. ఆ వైన్ కోసం ద్రాక్షలు తొక్కినావిడకు ఏ కాలికి ఆనె ఉందో కూడా ఒకసారి చెప్పాడట. నేను చూడలేదు. చూసినవాళ్లను చూసినవాళ్లు చెప్పారు.

అలాంటి ముక్కును ముందు నడిపించుకుంటూ వచ్చి, పొయ్యికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"వదినా, పాత విషయాలు మనసులో పెట్టుకోలేదు కదా."

"ఛ, మనసులో అంత చోటెక్కడిది మరిదిగారూ. రొయ్యలు తీసుకోండి."

"మా ఆవిడేదీ?"

"లోపల నిమ్మకాయలతో యుద్ధం చేస్తోంది."

ఆయన కళ్లు వంటింటి గుమ్మం వైపు ఒకసారి పోయి వచ్చాయి. మళ్లీ పోయాయి. మేనేజరమ్మ రొయ్య తోక పట్టుకుని కొరికి, కళ్లు మూసుకుని నమిలింది. మాట్లాడలేదు. బాగున్న తిండి దగ్గర మాట్లాడేవాళ్లను నేనూ నమ్మను.

ఐసుబావ సీసా తెచ్చాడు. సీసా మూతి గ్లాసు అంచుకు టింగుమని తగిలింది. ముక్కుదొర గ్లాసు ముట్టుకోకముందే చీటీ చదివాడు. నిప్పులక్క అది చూసింది.

గ్లాసు తిప్పాడు. ముక్కు దించాడు. తాగాడు.

"వెన్న" అన్నాడు. "వేయించిన బాదంపప్పు. ఆ వెనకాల పీపా. మేడమ్, ఆ పీపా వాసన పట్టారా, పాత గుడిసెలో వాన పడ్డట్టు."

మేనేజరమ్మ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. "నాకు నిమ్మచెక్క వాసనే వస్తోందండీ."

"అది పళ్లెంలోది మేడమ్. మనసు దాని మీదికి పోనీకండి. వైన్ ఇలా ఉండాలి వదినా. ఆ రోజు మీరు పోసినదానికీ దీనికీ ఆకాశానికీ పాతాళానికీ ఉన్నంత..."

నిప్పులక్క చెయ్యి తువాలు మీదికి వెళ్లింది. కింద అసలు సీసా మెడ చల్లగా తగిలింది. లాగితే అయిపోతుంది. కానీ ఇన్నాళ్లు ఆకలితో ఉన్న మనిషి మొదటి ముద్ద గబుక్కున మింగుతుందా? ఇంకో మాట అననీ అనుకుంది. ఇంకొక్క మాట. ఆయన అంటున్నాడు, ఆవిడ వింటోంది, మెడలో నరాలు కూడా తియ్యగా అయిపోతున్నాయి.

మీసం తాకట్టు పెట్టానా? తీసుకోండి. ఎలాగూ తెల్లబడిపోయింది, మీరే ఏదో ఒకటి చేసుకోండి. చేప మాడింది. తోకో రెక్కో కాదు, పొయ్యి మీది పెద్ద చేప తలనుంచి తోకదాకా, పక్కన వెల్లుల్లితో సహా, బొగ్గేదో చేపేదో తెలియకుండా మాడింది.

గాలికి పొగ గోడ మీదుగా పక్కింటికి పోయింది. కంపు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. ఐసుబావ దగ్గాడు. మేనేజరమ్మ చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పక్కింట్లో ఎవరో కిటికీ దబ్బున వేశారు.

ముక్కుదొర, పొయ్యికి వీపు పెట్టుకుని, హాయిగా నవ్వుతూ అన్నాడు:

"ఆహా, వదినా. ఘుమఘుమలు ఇక్కడిదాకా వస్తున్నాయి."



కంపుకు చెల్లెలు గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. మాడిన చేప వైపు చూడలేదు. మొగుడి మొహం వైపు చూసింది. ఆ చూపు చూశాక నిప్పులక్కకు ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

*

"ఎప్పటినుంచి?"

వంటింట్లో చెల్లెలు గోడకు ఆనుకుని నిలబడింది. చేతుల నిండా నిమ్మగింజలు.

"ఆ పెద్ద జ్వరం తర్వాత. వాసన పోయింది. దాంతో రుచీ పోయింది. కాఫీ అన్నా వేణ్ణీళ్లన్నా ఒకటే ఆయనకు."

"మరి హోటల్లో?"

"రుచి చూసే బల్ల దగ్గర ఆయన పక్కనే కూర్చుని ముందు నేను తాగుతాను. బాగుంటే చెంచా వెల్లకిలా పెడతాను, లేకపోతే బోర్లా. పులుపో తీపో పీపావో ముందే చెవిలో వేస్తాను. మాటలు ఆయన అల్లుకుంటారు."

"నా కొట్టులో చెంచా ఎవరు బోర్లా పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదక్కా. ఆ రోజు నన్ను నువ్వు కొట్టు వెనక వంటింట్లో కూర్చోబెట్టావు. ఆయన ఒక్కరే ఉన్నారు. భయపడ్డారు. పొగిడి తప్పైతే నవ్వుతారు, ఉమ్మేసి తప్పైనా ఎంత గొప్ప నాలుకో అంటారు. అందుకని."

నిప్పులక్క నిమ్మచెక్క ఒకటి తీసుకుని పిండింది. రసం అయిపోయాక కూడా పిండుతూనే ఉంది. రుచి నచ్చక ఉమ్మినా ఓర్చుకునేదేమో. రుచే తెలియకుండా, ఊరికే, గోడ మీద సున్నం గీకినట్టు తన బతుకును గీకేశాడు.

"అక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను. మేడమ్ ముందు బయటపెట్టకు. ఉద్యోగం పోతే మేం వీధిలో పడతాం."

"నేను పడలేదూ వీధిలో?"

"పడ్డావు. నాకు తెలుసు."

"తెలిసీ నోరు మూసుకున్నావు."

చెల్లెలు చేతుల్లోని నిమ్మగింజలు ఒక్కొక్కటిగా గిన్నెలో రాల్చింది. బయట ఐసుబావ మేనేజరమ్మకు ఐసు ఎలా గడ్డకడుతుందో వివరిస్తున్నాడు, ఆవిడ పాపం వింటోంది.

"మీ ఆయన్ను పిలు" అంది నిప్పులక్క. "బిరడా రావడం లేదని చెప్పు."

*

ముక్కుదొర నవ్వుతూనే వచ్చాడు. వదిన మొహం చూసి నవ్వు ఎక్కడ పెట్టాలో తెలియక మూతి మీదే వదిలేశాడు.

ఆవిడ ఒక గిన్నె ముక్కు కింద పెట్టింది. "ఇదేమిటో చెప్పు."

'మరిదిగారూ' పోయింది, 'మీరు' పోయింది. ఆయన గిన్నెలోకి చూశాడు. తెల్లగా నీళ్లలా ఉంది. "నీళ్లు" అన్నాడు.

"వెనిగర్."

ముక్కుదొర స్టూలు మీద కూలబడ్డాడు. పక్కన భార్య రొయ్యల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది, ఎవరికి ఇవ్వాలో తెలియనట్టు.

"వదినా, మీకు దణ్ణం పెడతాను..."

"నీ దణ్ణం నాకెందుకు? నీ నాలుక కావాలి. విను. రేపటినుంచి హోటల్‌కు కొనే ప్రతి తెల్ల వైన్ నేను రుచి చూస్తాను. నేను చెప్పింది నువ్వు పలుకుతావు. నేను నవ్వమంటే నవ్వుతావు. మొదటి పాఠం ఇప్పుడే. బయటికి వెళ్లి, ఆ రోజు జలుబుతో ఉన్నాను, వదిన వైన్ మంచిది, తోటలో పొయ్యి ఆవిడకే ఇవ్వండి అని మేనేజరమ్మకు చెప్తావు. అడుగు తప్పావో, నువ్వు ఇందాక వెన్నా బాదమూ అన్నది నా చవక వైన్‌నే అని, బల్ల దగ్గర తువాలు కింద దాచిన అసలు సీసా తీసి చూపిస్తాను."

ఇంత కమ్మటి పగ నిప్పులక్క కలలో కూడా వండుకోలేదు. ఒక్క సాయంత్రం అవమానించి వదిలెయ్యడం కాదు, బతికున్నంతకాలం తన మాట వాడి నోట్లో తిరగాలి.

ఆయన మొహం మాత్రం, ఆశ్చర్యం, వెలిగింది.

"అంతేనా వదినా? అదెంత భాగ్యం. నిజం చెప్పొద్దూ, మీరైతేనే మేలు. దీనికేం తెలుసు, చెంచాలు తిప్పడం తప్ప? పులుపంటుంది, తీపంటుంది, పక్కింటి పిల్లల్లా. నేను నాలుగు మాటలు అద్దబట్టి ఇన్నాళ్లూ గడిచింది. మీ నాన్నగారి చెయ్యి పడ్డ నాలుక మీది."

చిన్నప్పుడు ఆ నాన్న కొట్టులో, సీసాల మధ్య ముక్కాలిపీట వేసి, కళ్లకు గంతలు కట్టి రుచి అడిగింది ఎవరినో నిప్పులక్కకు తెలుసు. తనను కాదు. చిన్నదాన్ని. తనకు నిప్పు అబ్బింది, దానికి నాలుక అబ్బింది. ఆ మాట అక్కడ అనాల్సింది.

అనలేదు. పైగా ఫక్కున నవ్వింది.

చెల్లెలు ఇద్దరి వైపూ చూసింది. పళ్లెం గట్టు మీద పెట్టింది. చేతులు కడుక్కుంది, గోళ్ల సందుల్లో కూడా. తుడుచుకుంది. గుమ్మం దాటి పెరట్లోకి వెళ్లింది.

"ఎక్కడికే?" అన్నాడు మొగుడు.

ఐసుబావ మాట మధ్యలో ఆగిపోయాడు. చెల్లెలు తడి తువాలు తీసి, అసలు సీసాను మెడ పట్టుకుని బల్ల మీద పెట్టింది. మొగుడి కుర్చీలో కూర్చుంది.

"మేడమ్, మీరు తాగింది ఇదీ. ఆ చీటీలోది కాదు. మా ఆయనకు జ్వరం వచ్చినప్పటినుంచి వాసన తెలియదు, రుచి తెలియదు. మీ హోటల్లో ఈమధ్య మెచ్చుకున్న వైన్లన్నీ నేను ఎంచినవి. నా పేరు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

ముక్కుదొర గుమ్మంలోనే గుంజకు అతుక్కుపోయాడు. మేనేజరమ్మ ఆయన వైపు చూసింది. ఆయన తల దించుకోవడంతో అడగాల్సింది ఏమీ మిగల్లేదు.

"మాటలు ఎవరైనా చెబుతారమ్మా" అందావిడ. అసలు సీసాలో అడుగున మిగిలింది ఒక గ్లాసులో వంచి, కాల్చిన రొయ్య ఒకటి పక్కన పెట్టి, చెల్లెలి ముందుకు జరిపింది. "ఇది మీ అక్క వైన్. చేపల పొయ్యి దగ్గర పొయ్యడానికి పనికొస్తుందా, రాదా? నువ్వు చెప్పు. బాగుందంటే తోట మీ అక్కది. లేదంటే ఆ ఊసు ఇక్కడితో సరి."

చెల్లెలు రొయ్య తింది. తొందరపడలేదు. గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెట్టింది, ఐసు చల్లదనం చాటున ఏ దోషం దాక్కున్నా బయటికి రావాల్సిందే అన్నట్టు. అప్పుడు గుక్క పట్టింది.

నిప్పులక్క పొయ్యి పక్కన నిలబడింది. తన చెల్లెలిని తనే రెండుసార్లు వంటింట్లో కూర్చోబెట్టింది. ఇందాక నవ్వింది కూడా. కొట్టు, తోట, పేరు, అన్నీ ఇప్పుడు ఆ బుగ్గలో ఉన్నాయి. రెండు చేతులూ జోడించి, కళ్లతోనే చెల్లెలిని వేడుకుంది.

చెల్లెలు అక్క వైపే చూస్తోంది. బుగ్గలో వైన్ ఈ పక్కనుంచి ఆ పక్కకు మెల్లగా తిరిగింది.

మింగలేదు.

పాఠకులకు ఒక్క మాట. ఆ చేతులు జోడించడం నేను కల్పించింది. చదివే ఆడపడుచుల మనసు కరుగుతుందని కలిపాను. నిజానికి నిప్పులక్క కుడిచేతిలో పట్టకారు ఉంది. దాన్ని ఆవిడ కింద పెట్టలేదు.